బాల్కనీలో బ్లీచ్ పోసేశారు, గ్రానైట్, తులసి, చీర... ఎవరికైనా అనుభవం ఉందా?

మేడమీది_మొక్క
వానలకి బాల్కనీ టైల్స్ మీద పాచి పట్టేసి జారుతోందని పనమ్మాయి లిక్విడ్ బ్లీచ్ సీసా సగం అలాగే పోసేసిందండి, నీళ్ళు కూడా కలపలేదు. అది పారి గడప గ్రానైట్ మీదికి, తులసి కోట మట్టిలోకి వెళ్ళింది, తీగ మీద ఆరేసిన అత్తయ్యగారి మంగళగిరి చీర కొంగు మీద కూడా చిందింది. ఆకుపచ్చ కొంగు మీద లేత పసుపు చుక్కలు. ఏం చెయ్యాలి? ముందు తులసి సంగతి చెప్పండి, అత్తయ్యగారు చీర కంటే దానికే ఎక్కువ బాధపడుతున్నారు.

పట్టుపిచ్చి
నూలు చీర కాబట్టి బతికిపోయారు. మా ధర్మవరం చీర మీద నూనె మరక ఉందని డ్రైక్లీనింగ్ షాపులో ఇస్తే ఆ మహానుభావుడు బ్లీచ్ పెట్టాడు. ఇస్త్రీ చేస్తుంటే అక్కడ బట్ట పొడిపొడిగా రాలి చేతికొచ్చింది, జరీ పోగులు మాత్రం వేలాడుతున్నాయి. పట్టు, ఉన్ని బ్లీచ్‌కి కరిగిపోతాయి, ఇది షాపు పెట్టినవాడికి తెలియకపోతే ఎలా? డబ్బులడిగితే "చీర పాతదమ్మా" అన్నాడు. పెళ్ళినాటి చీర పాతది కాక కొత్తదవుతుందా!

నల్లగొండ_పోరడు
గ్రానైట్‌కేం గాదక్కా, నీళ్ళు గుమ్మరించి తుడిస్తే అయిపాయె. మార్బుల్ మీద యాసిడ్ పడితే మాత్రం బుస్సుమని పొంగి మెరుపు పోతది. మా ఇంట్ల బాత్రూంల యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండు కలిపే కొడ్తం, అద్దం లెక్క మెరుస్తది.

మిద్దెతోట_అక్క
తమ్ముడూ రెండూ కలపకు!! ప్రాణం పోతుంది.

నల్లగొండ_పోరడు
ఎన్నేండ్ల సంది కొడ్తున్నం, ఎవరికేమైంది? యూట్యూబ్ చూసి భయపెట్టుడు మానుండ్రి.

కుళాయి_మాస్టారు
నేను మున్సిపల్ నీటి సరఫరాలో పనిచేసి రిటైరైన మనిషిని, క్లోరిన్ సిలిండర్ల పక్కనే నా సర్వీసంతా గడిచింది కాబట్టి ఇక్కడ నాకంటే తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, వింటాను. బ్లీచ్‌లో యాసిడ్ పడగానే క్లోరిన్ వాయువు లేస్తుంది. 1915లో బెల్జియంలో జర్మన్లు ఎదుటి సైన్యం మీదికి వదిలింది అదే. గాలి కంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది, కూర్చుని రుద్దేవాళ్ళ ముక్కులోకే ముందు పోతుంది. టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో ఉండేది కూడా యాసిడే, అది పోసి దానిమీద బ్లీచ్ పోసినా ఇదే కథ.

నల్లగొండ_పోరడు
అంటే మా అమ్మ బాత్రూంల ప్రపంచ యుద్ధం చేస్తున్నదంటవా సార్? కిటికి తెరిచే ఉంటది మాకు.

కాకినాడ_కాజా
బాబూ రుద్దేది మీ అమ్మా? నువ్వు ఇక్కడ కూర్చుని వాదిస్తున్నావా? దగ్గు వస్తోందా రాలేదా ఆవిడని అడిగి చెప్పు.

నల్లగొండ_పోరడు
మా అమ్మ జోలికి రాకుండ్రి. దగ్గు ఎవరికి రాదు బాత్రూం కడిగితే?

కాకినాడ_కాజా
అదిగో, చెప్పేశాడు!

బావిగట్టు
నాకు ఒకటి అర్థం కాదు, మా ఊళ్ళో వానాకాలం పంచాయతీ వాళ్ళు బావిలో బ్లీచింగ్ వేస్తారు, ఆ నీళ్ళే తులసికి, కరివేపాకుకి పోస్తాం, ఏమీ కాలేదు. ఇదంతా అతి.

కుళాయి_మాస్టారు
బావిలో వేసేది ఎంతండీ? మంచి పౌడరైతే 1000 లీటర్లకి 2.5 గ్రాములు, గంట ఆగి తోడుకుంటారు. వీళ్ళింట్లో పోసింది సీసాలోంచి సరాసరి. రెంటికీ పోలికేంటి? పైగా పౌడర్‌ని బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట మాత్రమే బావిలో పొయ్యాలి. మూత తీసి పెట్టిన పౌడర్లో క్లోరిన్ ఎగిరిపోయి చివరికి సున్నమే మిగులుతుంది, మీ పంచాయతీలో ఏది వేస్తున్నారో ముందు కనుక్కోండి.

బావిగట్టు
మా పంచాయతీని ఎందుకు అంటారు, మీ మున్సిపాలిటీ నీళ్ళు వారానికోసారి పచ్చగా వచ్చేవి మర్చిపోయారా

కాకినాడ_కాజా
అసలు బాధ నాది వినండి. మాది ఇనుము ఎక్కువున్న బోరు నీళ్ళు. తెల్ల చొక్కాలు పసుపెక్కాయని మా హాస్టల్ ధోబీ ఆ నీళ్ళలోనే బ్లీచ్ వేసి నానబెట్టాడు, తెల్లబడకపోగా తుప్పు రంగు తిరిగాయి మొత్తం! నీళ్ళలో కరిగున్న ఇనుముని బ్లీచ్ తుప్పుగా మార్చి బట్టకి పట్టించేస్తుందట. తర్వాత ఎంత బ్లీచ్ వేస్తే అంత ముదురుతుంది. తుప్పు మరకకి ఆక్సాలిక్ యాసిడ్ వాడతారు, అదీ బ్లీచ్ పూర్తిగా కడిగేశాకే, లేకపోతే మాస్టారు చెప్పిన యుద్ధం.

డాలస్_దోసె
మేం ఇక్కడ రంగు బట్టలకి క్లోరిన్ లేని ఆక్సిజన్ బ్లీచ్ వాడతాం, రంగు అంతగా పోదు. ఇండియాలో కూడా దొరుకుతుంది కదా?

పట్టుపిచ్చి
దొరికితే మాత్రం షాపువాడు వాడాలి కదండీ. మళ్ళీ చెప్తున్నా, జరీ పోగులు మాత్రమే మిగిలాయి నాకు.

మేడమీది_మొక్క
తులసి గురించి ఎవరూ చెప్పరా? కింద ఆకులు తెల్లబడి రాలుతున్నాయి.

మిద్దెతోట_అక్క
ఉండమ్మా, వీళ్ళ గోల్లో నీ ప్రశ్న పోయింది. మట్టిలో పడ్డ క్లోరిన్ ఆ చెత్తా ఎరువుతో కలిసి త్వరగానే విరిగిపోతుంది, మిగిలేది ఉప్పు, ఆ ఉప్పే వేర్లని ఎండగడుతుంది. కోటకి అడుగున కన్నం ఉంటే కుండలకొద్దీ నీళ్ళు పోసి కిందకి పారనివ్వు. కన్నం లేకపోతే పోయకు, వేరు కుళ్ళుతుంది, పై మట్టి తవ్వి తీసేసి కొత్త మట్టి వెయ్యి. పైన కొమ్మ గోకితే లోపల పచ్చగా ఉందా చూడు, ఉంటే చిగురేసే అవకాశం ఉంది. వెన్నులో ఎండిన గింజలు మాత్రం ఇవాళే దులిపి దాచుకో. యూరియా గీరియా వెయ్యొద్దు ఇప్పుడు.

మేడమీది_మొక్క
కన్నం ఉందక్కా, పోస్తున్నా. గోకితే పచ్చగానే ఉంది! చీర చుక్కల సంగతి?

పట్టుపిచ్చి
అది మరక కాదండీ, ఉన్న రంగే పోయింది, ఇక రాదు. అద్దకంవాళ్ళకిచ్చి చీరంతా ముదురు రంగు వేయించండి, లేదా చుక్క చుక్కకీ కుట్టుపువ్వు వేయిస్తే డిజైన్ అనుకుంటారు.

నల్లగొండ_పోరడు
అమ్మనడిగిన. కండ్లు మండుతయట, నాకెన్నడు చెప్పలే. గా ముచ్చట వదిలెయ్ గానీ సార్, స్టీల్ సింక్‌ల రాత్రంత బ్లీచ్ నిలబెడితే నల్ల చుక్కలు పడ్డయి, అవి పోతయా?

కుళాయి_మాస్టారు
పోవు. స్టీల్‌ని తినేసిన గుంటలవి. సింక్‌లో రాత్రంతా ఎవరు పెట్టమన్నారు నిన్ను?

నల్లగొండ_పోరడు
యూట్యూబ్.