ఎక్స్‌ఎంఎల్‌ను ఎకోతో అతికించాలా, ఎక్స్‌ఎంఎల్‌రైటర్‌తో రాయాలా?

తుంగభద్ర_ఒడ్డు, కర్నూలు: ఉల్లి మండీకి రోజూ ధరల ఫైలు పీహెచ్‌పీ నుంచి ఎక్స్‌ఎంఎల్‌గా పంపిస్తున్నాను. ఎక్స్‌ఎంఎల్‌ అంటే సమాచారాన్ని ట్యాగుల మధ్య పెట్టే ఫైలే కదా, ఆ ట్యాగులన్నీ ఎకోతోనే, అంటే ఇచ్చిన అక్షరాలను ఉన్నవున్నట్టు రాసేసే పీహెచ్‌పీ ఆదేశంతోనే, అతికించాను. నిన్న కొత్త దుకాణం చేరింది, పేరు చివర "& సన్స్" ఉంది. అంతే, అవతల ఫైలు తెరుచుకోలేదు. ఎకో వదిలేయాలా?

ఆదోని_పాతకాపు: అక్కర్లేదు తమ్ముడూ. ఎక్స్‌ఎంఎల్‌లో ప్రత్యేక అర్థం ఉన్న ఇలాంటి గుర్తులను మార్చి రాసే హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ పెట్టు, ఒక్క లైను పని. పదేళ్లుగా నేను చేస్తున్నది అదే.

పెన్నా_కోడ్, అనంతపురం: ఆ ఒక్క లైను ఎన్ని చోట్ల అన్నా? దుకాణం, ఊరు, రకం... ఒక్క చోట మరిచిపోతే మళ్లీ మొదటికే. ట్యాగులను తానే రాసే పీహెచ్‌పీ సాధనం ఎక్స్‌ఎంఎల్‌రైటర్ ఉంది, అందులో రైట్‌ఎలిమెంట్‌కు దుకాణం పేరు ఇస్తే & గుర్తును అదే మార్చుకుంటుంది. బ్రౌజర్ తప్పుడు హెచ్‌టీఎంఎల్‌తో సర్దుకుపోతుంది గానీ, ఎక్స్‌ఎంఎల్‌లో ఒక్క తప్పు ఉన్నా పార్సర్, అంటే ఫైలును చదివే ప్రోగ్రాం, ఆగిపోవాలి. 1998 నాటి ప్రమాణంలోనే ఆ మాట ఉంది.

ఆదోని_పాతకాపు: ఎక్స్‌ఎంఎల్‌ కట్టే ఇంకో పీహెచ్‌పీ సాధనం డోమ్ కూడా వాడి చూశానప్పా. క్రియేట్‌ఎలిమెంట్‌కు & ఉన్న దుకాణం పేరిస్తే వార్నింగ్ వచ్చింది.

పెన్నా_కోడ్: అక్కడ క్రియేట్‌టెక్స్ట్‌నోడ్ వాడాలి. అయినా నేను చెప్పింది డోమ్ గురించి కాదు, రైటర్ గురించి.

కడప_గడప: ఫైలు మొదట్లో ఖాళీ లైను ఉందేమో కూడా చూడండి. ఇది ఎక్స్‌ఎంఎల్ ఫైలు అని చెప్పే మొదటి లైను, అంటే డిక్లరేషన్‌కు ముందు ఒక్క స్పేస్ ఉన్నా ఎర్రరే.

ఆదోని_పాతకాపు: ఎకోలో ఫైలు ఎలా వస్తుందో కంటికి కనబడుతుంది. రైటర్‌లో స్టార్ట్, ఎండ్, స్టార్ట్, ఎండ్... ఏ ట్యాగు ఎక్కడ మూసుకుందో వెతుక్కోవాలి.

పెన్నా_కోడ్: కనబడేది రాసినవాళ్లకే! మా సీనియర్ ఇలాంటి ఎకో ఫైలే నా చేతిలో పెట్టి బెంగళూరు వెళ్లిపోయాడు. వేరుశనగ సీజన్ మధ్యలో ఊరి పేరు పక్కన ఎవరో < గుర్తు కొట్టారు. రాత్రి పదకొండుకు ఫోన్. రాసింది ఆయన, తిట్లు తిన్నది నేను.

ఆదోని_పాతకాపు: మీ సీనియర్ మీది కోపం నా మీద చూపిస్తే ఎట్లప్పా? ఫైలుకు ఇంత అని ఇస్తారు నాకు. కూర్చుని తిరగరాయడానికి రెండు రోజులు పడుతుంది. ఆ కూలి ఎవరిస్తారు?

పెన్నా_కోడ్: ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదన్నా. ఆ రెండు రోజులు మీరు మిగుల్చుకుంటే, తర్వాత ఫైలు పట్టినవాళ్లు నిద్ర మానుకుని కడతారు. నేను కట్టాను.

తుంగభద్ర_ఒడ్డు: ఇప్పుడే లెక్కపెట్టాను. 14 చోట్ల ఎకో ఉంది, 5 చోట్ల ఆ లైను లేదు. ఇవాళ్టికి అవి సరిచేసి పంపిస్తాను. ఉల్లి సీజన్ అయ్యాక రైటర్‌కు మారుస్తాను.

ఆదోని_పాతకాపు: ఆ ఐదు చోట్లూ ఇక్కడ పెట్టు తమ్ముడూ, నేనూ చూస్తా.