నెలనెలా డబ్బు కట్టే డీటీహెచ్ తీసేసి ఫ్రీ డిష్ పెట్టుకుంటే తెలుగు ఇంటికి సరిపోతుందా?

కృష్ణలంక వాసి:
విజయవాడలోని మా ఇంట్లో ఒక ప్రైవేటు కంపెనీ డీటీహెచ్ కనెక్షన్ ఉంది. దాన్ని తీసేసి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ పెట్టించాలని నిర్ణయించుకున్నాను. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సేవకు నెలవారీ చందా లేదు; డిష్షు, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు. మరోవైపు, 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ) విధానం ప్రకారం పే చానల్ ఒక్కటీ ఎంచుకోకపోయినా నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 153 రూపాయల 40 పైసల దాకా కట్టవలసి వచ్చేది. 2024 జూలైలో ఆ 130 రూపాయల గరిష్ఠ పరిమితిని కూడా ఎత్తివేశారు. ఇదంతా అలా ఉంచినా, మొన్న రీచార్జి గడువు ముగిసిన అర్ధరాత్రే మా కంపెనీ ప్రసారం ఆపేసింది. డబ్బు కట్టిన తరువాత కూడా బొమ్మ రాక, బాక్సు ఆపి వేస్తూ, కస్టమర్ కేర్ వారు వినిపించే సంగీతం వింటూ సాయంత్రమంతా గడిపాను. ఇలా మారినవారు తమ అనుభవం చెప్పగలరు.

బ్రాడీపేట మాస్టారు:
మా గుంటూరు ఇంట్లో ఫ్రీ డిష్ ఉంది, సంతోషంగా ఉన్నాము. డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి, వార్తలు, ఆకాశవాణి, పిల్లలకు పీఎం ఈ-విద్య పాఠాలు అన్నీ వస్తాయి. అన్నిటికీ మించి, భారత జట్టు ఆడే వన్డేలు, టీ20లు డీడీ స్పోర్ట్స్‌లో పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. మా పక్కింటివారికి కేబుల్లో అదే డీడీ స్పోర్ట్స్ వస్తుంది, కానీ మ్యాచ్ జరిగే వేళకు అందులో ఏదో పాత హాకీ ఆట వేస్తారు. డబ్బు కట్టినవారికి రానిది, కట్టనివారికి వస్తున్నది. దీనికి కేబుల్ పక్షం వారు ఏమంటారు?

పటమట గృహిణి:
మాస్టారూ, క్రికెట్ సరే. ఈటీవీ, జెమిని, మా, జీ తెలుగు మాటేమిటి? ఇవన్నీ పే చానళ్లే. తెలుగు ఇంట్లో సాయంత్రం టీవీ పెట్టేది వీటి కోసమే తప్ప, ఫ్రీ డిష్‌లో వరుసగా వచ్చే హిందీ సినిమాల కోసం, భోజ్‌పురి పాటల కోసం కాదు. ఉత్తరాది ఇంటికి అది విందు కావచ్చు. మన ఇంటికి ఉపవాసం.

తెనాలి కుర్రాడు:
యూట్యూబ్ ఉండగా ఈ చర్చ దేనికండీ? అన్నట్టు, ఫ్రీ డిష్‌లో ఐపీఎల్ వస్తుందా?

బ్రాడీపేట మాస్టారు:
జాతీయ ప్రాధాన్యం గల క్రీడల జాబితాలో ఐపీఎల్ లేదు నాయనా. 2007 నాటి క్రీడా ప్రసారాల చట్టం ప్రకారం ఆ జాబితాలోని ఆటల ప్రసారాన్ని హక్కులు కొన్న సంస్థ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ప్రకటనల ఆదాయంలో కనీసం 75 శాతం ఆ సంస్థకు, మిగిలింది ప్రసార భారతికి వెళుతుంది. ఇంత న్యాయమైన ఏర్పాటు ఉండగా కేబుల్ వారు పక్కింటివారికి మ్యాచ్ ఎందుకు ఆపుతున్నారన్నదే నా ప్రశ్న. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

కేబుల్ పనివాడు:
మాస్టారూ, మేము ఆపడం లేదు. పంచుకున్న ఆ ప్రసారాన్ని దూరదర్శన్ తన టెరెస్ట్రియల్ (నేల మీది టవర్ల) ట్రాన్స్‌మిటర్లలో, ఫ్రీ డిష్‌లో మాత్రమే వాడుకోవాలని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌లకు అది వెళ్లకూడదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కోర్టు చెప్పినదానికి మా ఇంటికి వచ్చి తిడితే మేమేం చేయగలం? పైగా పోటీ మొత్తం వేరే చోట మొదలైంది. ఫైబర్ వచ్చింది, ఫోను వచ్చింది. మా వీధిలో కనెక్షన్లు తగ్గుతున్నకొద్దీ స్తంభాల మీది వైరు ఖర్చు మిగిలినవారి మీదే పడుతున్నది.

కృష్ణలంక వాసి:
మీ వైరు ఖర్చు భరించే బాధ్యత నాది కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బంధువుల ఇంట్లో కేబుల్ రోజుల తరబడి రాలేదు. మేడ మీద సొంత డిష్షు ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

కేబుల్ పనివాడు:
అక్కడ కరెంటే లేదు కదండీ! డిష్షు ఉంటే మాత్రం టీవీ దేనితో వెలుగుతుంది? వాన సంగతి కూడా వినండి. ఫ్రీ డిష్ కేయూ బ్యాండ్ అనే తరంగాల్లో వస్తుంది. వాయుగుండం పట్టి కుండపోతగా కురిస్తే సిగ్నల్ తప్పకుండా పడిపోతుంది. అది మీ ప్రైవేటు డిష్‌కైనా అంతే. నేను మేడలెక్కి చూసిన వాటిలో చాలా చోట్ల తప్పు ఉపగ్రహానిది కాదు. డిష్షు ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌కు టేపు సరిగ్గా చుట్టరు. నీళ్లు దిగి లోపలి రాగి తీగ పచ్చబడిపోతుంది. అక్కడ కత్తిరించి కొత్త కనెక్టర్ వేస్తే బొమ్మ తిరిగి వస్తుంది. దానికోసం బాక్సు మార్చమని అమ్మేవారూ ఉన్నారు.

పటమట గృహిణి:
వాన వదిలేసి అసలు విషయానికి వద్దాం. తెలుగు చానళ్లు ఫ్రీ డిష్‌లోకి ఎందుకు రావడం లేదో ఎవరైనా ఆలోచించారా? అక్కడ చానల్‌కు చోటు (స్లాటు) వేలంలో కొనుక్కోవాలి. అది కొన్నాక, చందా లేని ఆ వేదికలో కనిపించే చానల్‌ను మిగతా కేబుల్, డీటీహెచ్‌లలో కూడా ఉచితంగానే ప్రకటించాలని 2024లో ట్రాయ్ నిబంధన తెచ్చింది. మన ఇళ్ల నుంచి నెలనెలా చందా వస్తుంటే ఏ యజమాని దాన్ని వదులుకుంటాడు? హిందీలోనే 2019 మార్చిలో స్టార్ ఉత్సవ్, జీ అన్మోల్, సోనీ పల్, రిష్తే ఒక్కసారిగా ఫ్రీ డిష్ వదిలి వెళ్లిపోయాయి. తరువాత మళ్లీ వచ్చాయి, అది వేరే కథ. రేపు ఏది ఉంటుందో చెప్పలేని దాన్ని నమ్మి ఉన్న కనెక్షన్ పీకేయమనడం నాకు మింగుడు పడటం లేదు.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, చూసేవారు వదులుకోనంతకాలం వారూ వదులుకోరు. లక్షమంది ఒకేసారి చందా మానేస్తే ఈటీవీ అయినా జెమిని అయినా వెతుక్కుంటూ రావలసిందే.

పటమట గృహిణి:
ఆ లక్షమందిలో మొదటివారుగా ముసలివారిని నిలబెట్టకండి మాస్టారూ. కృష్ణలంక వాసి గారూ, మీ ఇంట్లో ఆ టీవీ ఎక్కువగా చూసేది ఎవరు?

కృష్ణలంక వాసి:
మా అమ్మ.

పటమట గృహిణి:
ఆవిడను అడిగారా?

కృష్ణలంక వాసి:
నెలనెలా డబ్బు కట్టేది నేను. మా ఇంటి సంగతి మా ఇంట్లో తేల్చుకుంటాము. మీరు ప్రశ్నలు వేసి నన్ను బోనులో నిలబెట్టవలసిన అవసరం లేదు.

పటమట గృహిణి:
ఇంటి సంగతి పదిమందిలో పెట్టింది మీరే కదా. మా అత్తగారి ఇంట్లో ఇలాగే ఒక కొడుకు ఊరి నుంచి వచ్చి కేబుల్ తీయించి వెళ్లిపోయాడు. ఆవిడ చానళ్ల నంబర్లు గోడ క్యాలెండరు వెనక పెన్సిలుతో పెద్ద పెద్ద అంకెల్లో రాసుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టిన రిమోట్‌తో ఒక్కొక్కటే నొక్కేది. కొత్త బాక్సులో ఆ నంబర్లు ఒక్కటీ కలవలేదు. చందా మిగిలిందని కొడుకు అందరికీ చెప్పుకున్నాడు. సాయంత్రాలు గడిపింది ఆవిడ.

కృష్ణలంక వాసి:
సరే, సూటిగా చెబుతాను. నాకు 153 రూపాయలు లెక్క కాదు. మా అమ్మ సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే పదిన్నర దాకా ఒక సీరియల్లో కోడలిని ఏడిపించడం, మరో సీరియల్లో విషం కలపడం చూసి, ఆ కోపం మా ఆవిడ మీద తీస్తున్నది. నేను నోరు తెరిస్తే ఇంట్లో రామరావణ యుద్ధం. ఆ చానళ్లు రాని డిష్షు పెడితే ఎవరినీ ఏమీ అననక్కరలేదని అనుకున్నాను. ఇప్పుడు తృప్తిగా ఉందా?

పటమట గృహిణి:
తృప్తి కాదు, చిరాకుగా ఉంది. అత్తాకోడళ్ల మధ్య మీరు మాట్లాడవలసిన మాటను ఒక డిష్షు చేత చెప్పించాలనుకుంటున్నారు. ఆ మాట అనడానికి ధైర్యం లేక, పొదుపు పేరు పెట్టి మమ్మల్ని అందరినీ చందా లెక్కల్లో తిప్పారు. సీరియళ్లు చెత్తవే, నేనూ కాదనను. కానీ ఆవిడ పెద్ద మనిషి. ఏది చూడాలో ఆవిడ ఇష్టం. ఫ్రీ డిష్ మీద అంత నమ్మకం ఉంటే ముందు మీ గదిలో పెట్టుకుని ఒక నెల చూడండి.

కృష్ణలంక వాసి:
మీరు మా ఇంట్లో ఒక్క సాయంత్రం కూర్చుని ఉంటే ఇంత తేలికగా తీర్పు చెప్పేవారు కాదు. నా గదిలో పెట్టుకోమన్నారు కాబట్టి అడుగుతున్నాను: కేబుల్ పనివాడు గారూ, ఉన్న డిష్‌కే రెండో బాక్సు తగిలిస్తే వస్తుందా?

కేబుల్ పనివాడు:
మీ కంపెనీ ఉపగ్రహం వేరేదైతే రాదు సార్. ఫ్రీ డిష్ జీశాట్-15 నుంచి, 93.5 డిగ్రీల తూర్పు నుంచి వస్తుంది. విజయవాడ నుంచి అది ఆగ్నేయంలో, దాదాపు 65 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఉన్నదాన్ని అటు తిప్పితే అమ్మగారి చానళ్లు పోతాయి. చిన్న డిష్షు ఇంకొకటి బిగించుకోండి. ఆ దిక్కున పక్కవారి వాటర్ ట్యాంకు గానీ కొబ్బరిచెట్టు గానీ అడ్డం లేకుండా చూసుకోండి. మీ గదిలోని టీవీ కొత్తదైతే వెనక శాటిలైట్ ట్యూనర్ ఉందేమో చూడండి. ఉంటే చాలా చానళ్లకు బాక్సు కూడా కొననక్కరలేదు.

బ్రాడీపేట మాస్టారు:
డిష్షు పెట్టించిన రోజున డీడీ స్పోర్ట్స్‌లో మ్యాచ్ వస్తున్నదో లేదో ఇక్కడ రాయండి. మా పక్కింటివారికి చూపించాలి.