జేబులో మాత్ర పెట్టుకుని బస్సెక్కితే అది ఎక్స్‌పోజర్ అవుతుందా?

కొత్తకౌన్సెలర్
సూపర్‌విజన్‌లో కేసులు చూస్తున్న ట్రైనీని, క్లయింట్ వివరాలు మార్చి రాస్తున్నా. ముప్పై దాటిన మనిషి, పానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం ముంచుకొచ్చే జబ్బు), గుండె పరీక్షలన్నీ నార్మల్. రోజూ గుంటూరు నుంచి బెజవాడకు బస్సులో ఉద్యోగానికి రావాలి. కాజ టోల్‌గేట్ దాకా బాగానే ఉంటాడు, కృష్ణ మీద వారధి ఎక్కాక ట్రాఫిక్ ఆగిందా, ఇక గుండె దడ, వేళ్లు తిమ్మిరి, ఇప్పుడే పడిపోతానని భయం. అందుకే డోర్ పక్క సీటే కావాలి, ఒళ్లో నీళ్ల సీసా ఉండాలి, చొక్కా జేబులో ఆందోళన తగ్గించే అల్ప్రజోలం మాత్రల స్ట్రిప్ ఉండాలి (వేసుకోడు, ఉంటే చాలు), పెదాల మీద ఆంజనేయ దండకం. 12 సెషన్ల సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) ప్లాన్ రాశాను. ఈ నాలుగూ బస్సు ఎక్స్‌పోజర్ (భయపడేదాన్ని కావాలనే ఎదుర్కొనే సాధన) మొదటి రోజే మాన్పించాలా, ఒక్కొక్కటిగానా? మా సూపర్‌వైజర్ మొదటి రోజే అంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

బెజవాడఎండ
మీ సూపర్‌వైజర్ చెప్పిందే కరెక్ట్. సైకాలజిస్ట్ సాల్కోవ్‌స్కిస్ 1991లోనే చెప్పాడు కదా, ఈ జాగ్రత్తల వల్లే భయం తప్పని తేలే అవకాశం పోతుందని. వారధి దాటాక మీవాడు "ఏమీ కాలేదు" అనుకోడు, "మాత్ర ఉంది కాబట్టి ఏమీ కాలేదు" అనుకుంటాడు. అలా వందసార్లు దాటినా నేర్చుకునేది సున్నా. ఇంకోటి, చాలామంది కౌన్సెలర్లు నేర్పే డీప్ బ్రీతింగ్ కూడా ఇదే బాపతు, పేరు మాత్రం రిలాక్సేషన్.

మూడోసెషన్
అన్నా, 1991 దగ్గరే ఆగిపోతే ఎలా? 2008లో రాక్‌మన్, రాడోమ్‌స్కీ, షఫ్రాన్ అనే సైకాలజిస్టులు దీన్నే మళ్లీ తిరగేసి చూశారు, మొదట్లో కొద్దికాలం, తెలిసి వాడితే నష్టం లేకపోవచ్చని, మనిషి భయపడి మధ్యలో మానేయకుండా ఉంటాడని. బస్సే ఎక్కని వాడికి మీరు నేర్పేదేంటి చెప్పండి. నా దగ్గర అలా రెండో సెషన్‌తో మాయమైన వాళ్లున్నారు, ఫోన్ చేస్తే "ఆఫీసులో బిజీ మేడమ్" అంటారు.

పాతపేషెంట్
నేను డాక్టర్ని కాదు, తొమ్మిదేళ్ల కింద ఇదే జబ్బు పడ్డవాణ్ణి. నా పర్సులోనూ ఒక మాత్ర ఉండేది. ఒకరోజు రైల్లో కూర్చుని ఊరికే తీసి చూస్తే రేకు నలిగి, మాత్ర పొడైపోయి ఉంది. ఎక్స్‌పైరీ కూడా దాటి ఏడాదయింది. అంతవరకూ నిక్షేపంగా ఉన్నవాణ్ణి, అది చూసిన రెండు నిమిషాల్లో చెమటలు పట్టాయి. తర్వాత స్టేషన్‌లో దిగకుండా అలాగే కూర్చున్నా, గంటకి తగ్గింది. ఆ పొడి ఏడాదిగా నన్ను కాపాడుతోందని నేననుకున్నా చూడండి, అదీ సంగతి.

బెజవాడఎండ
పాతపేషెంట్ గారూ, వెయ్యి లైకులు. మూడోసెషన్ గారూ, చదివారా?

మూడోసెషన్
చదివాను. ఆయన రైల్లో కూర్చోగలిగింది ఆ పొడి ఉందనే ధైర్యంతోనే, అది కూడా చదవండి.

రాత్రిడ్యూటీ
సైకియాట్రీ వార్డులో నర్సుని. అల్ప్రజోలం రోజూ వేసుకునేవాళ్ల చేత కౌన్సెలర్ మాట మీద హఠాత్తుగా మాన్పించకండి, ఫిట్స్ రావచ్చు, అది రాసిన డాక్టరు చూసుకోవాలి. ఈయన వేసుకోవడం లేదంటున్నారు కాబట్టి సరే. దండకం జోలికి మాత్రం వెళ్లొద్దు, దేవుణ్ణి మానమంటున్నారని ఇంట్లో వాళ్లే మాన్పిస్తారు, దండకాన్ని కాదు, మిమ్మల్ని.

బెజవాడఎండ
దండకం చదవడం తప్పని ఎవరన్నారు మేడమ్? పొద్దున స్నానం చేసి దీపం దగ్గర చదివితే భక్తి. వారధి రాగానే మొదలై, మధ్యలో ఒక్క మాట తప్పితే చచ్చిపోతానని మళ్లీ మొదటినుంచీ చదువుతుంటే అది నీళ్ల సీసా లాంటిదే. క్లయింట్‌నే అడగండి, అది ఆపితే ఏమవుతుందనుకుంటున్నావని.

మూడోసెషన్
ఇది మాత్రం ఒప్పుకుంటా. బస్సెక్కే ముందు కాగితం మీద రాయించండి: ఈరోజు వారధి మీద స్పృహ తప్పుతానన్న నమ్మకం ఎంత శాతం? దిగాక మళ్లీ రాయించండి. పానిక్‌లో బీపీ సాధారణంగా పెరుగుతుంది, పడిపోవాలంటే తగ్గాలి. ఈ ముక్క ముందే చెప్పి పంపితే సగం పని అయినట్టే. రక్తం చూస్తే పడిపోయేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి నిజంగానే తగ్గుతుంది.

కొత్తకౌన్సెలర్
థాంక్స్ అందరికీ. నిన్న సెషన్‌లో ఆ లక్షణాలు కావాలనే రప్పించి చూద్దామని సన్నటి స్ట్రాతో ఒక నిమిషం గాలి పీల్పించాను, ముక్కు మూసుకుని. ముప్పై సెకన్లకే "సార్, ఇదే, అచ్చం వారధి మీద వచ్చేది ఇదే" అని ఆశ్చర్యపోయాడు. అప్పుడడిగా, నాలుగింటిలో ముందు ఏది వదులుతావని. నీళ్ల సీసా అంటాడనుకున్నా, డోర్ సీటు అన్నాడు. స్ట్రిప్ ఆఖర్న అట. దండకం పేరెత్తితే "దాని దగ్గరికి రావద్దు సార్" అని నవ్వాడు. సోమవారం మధ్య సీటులో ప్రయాణం, నమ్మకం 80 శాతం అని రాశాడు. మొదటిసారి కదా, నేను వెనక సీట్లో కూర్చుందామనుకుంటున్నా.

బెజవాడఎండ
మీరు వెనక కూర్చుంటే జేబులో ఇంకో మాత్ర పెట్టినట్టే తమ్ముడూ.

కొత్తకౌన్సెలర్
సరే అన్నా, గుంటూరు బస్టాండ్ దాకా వెళ్లి ఎక్కించి, టీ తాగి తిరిగొచ్చేస్తా.