సింగపూర్ బ్రిటిష్ స్కూళ్లు: ఏటా వెళ్లిపోయే స్నేహితులు, మీ అనుభవాలు చెప్పండి

కొత్తగా వచ్చిన అమ్మ:
ఆగస్టులో హైదరాబాద్ నుంచి వచ్చాం. పాపను బ్రిటిష్ సిలబస్ స్కూల్లో ఇయర్ 4లో చేర్చాం. అంటే మన మూడో తరగతి. చదువు గురించి టెన్షన్ లేదు. మొదటి టర్ము అయ్యేసరికి తన పక్కన కూర్చునే అమ్మాయి దుబాయ్ వెళ్లిపోయింది. పాప రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మీ పిల్లలు ఎలా తట్టుకున్నారు?

ఈస్ట్‌కోస్ట్ నాన్న:
మాకూ అదే అనుభవమండీ. సింగపూర్ పౌరుల పిల్లలు ఇలాంటి స్కూళ్లలో చేరాలంటే విద్యాశాఖ అనుమతి కావాలి. అందుకే క్లాసులో దాదాపు అందరూ ఉద్యోగాల మీద వచ్చినవాళ్ల పిల్లలే. నాన్నకు బదిలీ అయితే బిడ్డకూ బదిలీయే.

మావాడు ఇయర్ 6 చివరి రోజున తెల్ల చొక్కా మీద అందరి సంతకాలూ పెట్టించుకుని వచ్చాడు. కాలరు కింద నీలం స్కెచ్‌పెన్నుతో ఒక కొరియన్ పిల్లవాడు వీడి పేరు తెలుగులో రాశాడు. 'ర' కాస్త వాలిపోయింది. రాయడం వీడే నేర్పాడట. ఆ చొక్కా ఇప్పటికీ ఉతకలేదు, బీరువాలో ఉంది.

పాతికేళ్ల సింగపూర్:
ఈ స్కూళ్లు ఎందుకు పుట్టాయో తెలిస్తే మనసు కొంచెం కుదుటపడుతుంది. ఇక్కడి బ్రిటిష్ స్కూళ్లలో ఒకటైన టాంగ్లిన్ స్కూలును 1925లో ఆన్ గ్రిఫిత్-జోన్స్ అనే ఆవిడ ఐదుగురు పిల్లలతో మొదలుపెట్టారు. అప్పట్లో ఇక్కడి ఇంగ్లీషు కుటుంబాలు పసివాళ్లను ఓడెక్కించి ఇంగ్లండు హాస్టళ్లకు పంపేవి. మళ్లీ చూసుకోవడం ఏళ్ల తర్వాతే. గల్ఫ్‌కు వెళ్తూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలిన కోనసీమ తల్లులకు ఆ బాధ వేరే చెప్పాలా?

1934లో మలయా (ఇప్పటి మలేషియా)లోని కామెరాన్ హైలాండ్స్ కొండల మీద బోర్డింగ్ స్కూలు కూడా పెట్టారు. సెలవులకు ఇంటికి రాగలిగేంత దూరం. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కాక ఆవిడ ఇక్కడి చాంగీ జైల్లో ఖైదీ అయ్యారు, అక్కడా పిల్లలకు పాఠాలు చెప్పారు. యుద్ధం అయ్యాక మళ్లీ బడి తెరిచారు. ఆ స్కూలుకు 2025లో నూరేళ్లు నిండాయి. నాకైతే ఆ చాంగీ పాఠాలే గుర్తుండిపోయాయి.

పొంగోల్ అక్క:
చెల్లీ, స్కూలు గేటు దగ్గర మాట కలుపు. హౌసుల పోటీలకు, ఇంటర్నేషనల్ డేకి వెళ్లు. అమ్మలు దగ్గరైతే పిల్లలూ దగ్గరవుతారు. మా స్కూల్లో పల్లీలు, జీడిపప్పు నిషేధం. ఎలర్జీ ఉన్న పిల్లలుంటారు. అది తెలియక మొదటి ఏడాది పల్లీలు వేసిన పులిహోర గిన్నె నిండా పట్టుకెళ్లి, గేటు దగ్గర నుంచే వెనక్కి తెచ్చాను. కళ్లనీళ్లు వచ్చాయి. మరుసటి ఏడాది శనగపప్పు ఎక్కువ వేసి కలిపాను. పదిహేను నిమిషాల్లో గిన్నె ఖాళీ.

ఇంకో మాట. ఇండియాలో ఇంజనీరింగ్ అనుకుంటే ఏ-లెవెల్స్‌లో (మన ఇంటర్ లాంటిది) మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ వదలనివ్వకండి. సబ్జెక్టులు ఎంచుకునే ముందే, విదేశీ చదువులను మన చదువులతో సమానంగా గుర్తించే ఏఐయూ (భారత విశ్వవిద్యాలయాల సంఘం) నిబంధనలు చూసుకోండి.

కొత్తగా వచ్చిన అమ్మ:
అందరికీ థ్యాంక్స్. చాంగీ సంగతి పాపకు చెప్పాను, "ఖైదులో కూడా హోంవర్క్ ఇచ్చేవారా?" అని అడిగింది. దుబాయ్ వెళ్లిన అమ్మాయితో ఆదివారం వీడియో కాల్ పెట్టించాను. అరగంట ఇద్దరూ ఒకరికొకరు గదులు చూపించుకున్నారు. అక్కా, ఆ పులిహోర కొలతలు పెడతారా? ఇరవై ఆరుమంది పిల్లలకు.