అప్‌డేట్: ఎడమ ముందు చక్రం వేడెక్కడానికి కారణం దొరికింది

10 కిలోమీటర్లు తిరిగేసరికి నా కారు ఎడమ ముందు చక్రం కాలిపోతోందని, మాడు వాసన వస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. బ్రేక్ పట్టేయడమే కారణం. తప్పు ప్యాడ్లను డిస్క్ మీదకి నొక్కే పిస్టన్‌ది కాదు, కాలిపర్ (ప్యాడ్లను పట్టుకునే భాగం) అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్‌ది. లోపలి ప్యాడ్ 2 మి.మీ.కి అరిగింది, బయటిది ఇంకా 7 ఉంది. ఆ తేడా చూడగానే, కాలిపర్ జరగక లోపలి ప్యాడే రుద్దుకుంటోందని సగం అర్థమైంది. కింది పిన్ మీద గ్రీజు ఎండి బంకలా పట్టేసింది, తిప్పి తిప్పి లాగితే గానీ రాలేదు.

పిన్ను, దాని రంధ్రాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగి సిలికాన్ గ్రీజు పల్చగా రాశాను. మామూలు బేరింగ్ గ్రీజు మాత్రం వద్దు, పిన్‌కి ఉండే రబ్బరు తొడుగు (బూటు) ఉబ్బి పిన్ మళ్లీ పట్టేస్తుంది. ప్యాడ్లు రెండు వైపులా కొత్తవి వేశాను. పిస్టన్‌ని వెనక్కి నొక్కేటప్పుడు పై డబ్బాలో బ్రేక్ ఫ్లూయిడ్ పొంగుతుంది, చూసుకోండి. కారు బాడీ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. బండి కదిపే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి.

ఇప్పుడు రెండు ముందు చక్రాలదీ ఒకే వేడి.