పోలీసులు వచ్చేలోపు మనమేం చేయాలి?

ప్రశ్న: అర్ధరాత్రి ఎవరో తలుపు గట్టిగా నెడుతుంటే ఫోన్ చేశాం, పోలీసులు వచ్చేసరికి వాడు ఎప్పుడో జారుకున్నాడు. వాళ్లను నమ్ముకుని కూర్చోవడం దండగేనా? ఇంట్లో ఆయుధం ఏదైనా పెట్టుకోవాలా?

జవాబు 1: ఫోన్ చేయడం మాత్రం మానకండి. కాల్ వచ్చిన వరుసను బట్టి కాదు, ప్రమాదం ఎంతుందో దాన్ని బట్టి బండి పంపుతారు, అందుకే "ఎవరో ఉన్నట్టుంది" అని నసగకుండా "తలుపు పగలగొడుతున్నాడు, లోపల పిల్లలున్నారు" అని చెప్పాలి. అంతకన్నా ముందు అడ్రస్ చెప్పండి, లైన్ కట్ అయినా ఎక్కడికి రావాలో తెలుస్తుంది.

జవాబు 2: ముందు తలుపు సంగతి చూడండి. తాళం ఎంత ఖరీదైనదైనా, గడియ దూరే పట్టీని ద్వారబంధానికి పొట్టి స్క్రూలతో బిగిస్తే గట్టిగా ఒక తన్ను తన్నితే ఊడొస్తుంది. చెక్క ఫ్రేమ్ అయితే 3 అంగుళాల స్క్రూలు వేయించండి. చాలామంది కెమెరా కొంటారు, ఇది పట్టించుకోరు.

జవాబు 3: ఆయుధం వద్దు బాబూ, కంగారులో అది వాడి చేతికే చిక్కితే? లోపల గడియ పడే గది ఒకటి చూసుకోండి, రాత్రి ఫోన్ అక్కడే పెట్టుకోండి. లాక్ తీయకుండానే ఎమర్జెన్సీ కాల్ ఎలా చేయాలో పిల్లలకూ చూపించండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే స్క్రూ విప్పి చూశా, వేలిగోరంత కూడా లేదు!