లాగ్‌లో 'పూర్తయింది' అని ఉంది, కానీ అదే సందేశం మళ్ళీ మళ్ళీ వస్తోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక బీమా సంస్థ ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. ప్రీమియం చెల్లింపుల సందేశాలు మాకు జేఎంఎస్ క్యూ (జావా ప్రోగ్రాములు సందేశాలు ఇచ్చిపుచ్చుకునే వరుస) ద్వారా వస్తాయి. మా లిజనర్, అంటే సందేశం రాగానే నడిచే కోడ్, ఒక్కో సందేశాన్ని తీసుకుని, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఆ పాలసీ వివరాలు మార్చి, కట్టినవారికి ఎస్‌ఎంఎస్ పంపుతుంది. అప్లికేషన్ సర్వర్ డబ్బు పెట్టి కొన్న ఉత్పత్తి, పేరు వద్దులెండి. క్యూ, డేటాబేస్ రెండూ ఒకే ఎక్స్‌ఏ ట్రాన్సాక్షన్‌లో ఉన్నాయి, అంటే రెండు చోట్లా మార్పు కలిసే ఖాయం కావాలి, లేదా కలిసే రద్దు కావాలి.

పగలంతా ఏ గొడవా లేదు. అర్ధరాత్రి దాటాక కొన్ని సందేశాలు వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వస్తున్నాయి. మా లాగ్‌లో 'పాలసీ మార్పు పూర్తయింది' అని శుభ్రంగా ఉంటుంది. డేటాబేస్‌లో చూస్తే ఏమీ మారలేదు. డబ్బు అందిందన్న ఎస్‌ఎంఎస్ మాత్రం ఒకే మనిషికి పదేపదే వెళ్తోంది, తెల్లవారితే కాల్ సెంటర్‌కు ఫోన్లే ఫోన్లు. కోడ్‌లో అడుగడుగునా ట్రై, క్యాచ్ (లోపాలను పట్టుకునే ఏర్పాటు) పెట్టాం. ఒక్క ఎక్సెప్షన్ కూడా దొరకలేదు. సర్వర్ లాగ్‌లో ఉన్నది ఒకటే మాట: ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయింది, అంటే మార్పులన్నీ రద్దయ్యాయి. ఎందుకు అయిందో లేదు.

కంపెనీ సపోర్టుకు టికెట్ పెట్టాం. లాగ్‌లన్నీ పంపమన్నారు, పంపాం. ఆ తర్వాత కొత్త ప్యాచ్ వేసి చూడమన్నారు. ప్రొడక్షన్‌లో ప్యాచ్ వేయాలంటే మాకు అనుమతులకే వారాలు పడుతుంది. ఇంత ఖరీదు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ తనకేమైందో కూడా చెప్పలేకపోతే మేమేం చేయాలి?

మొదటి జవాబు

ముందు ఆ సందేశాల్లోనే లోపం ఉందేమో చూడండి. చదవడానికి వీల్లేని సందేశం ఒక్కటి ఉన్నా చాలు, రోల్‌బ్యాక్ అయి క్యూలోకి వెళ్ళి, వెంటనే మళ్ళీ వచ్చి, తెల్లవార్లూ అలాగే తిరుగుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించి వదిలేయాలన్న విషయంలో జేఎంఎస్ ప్రమాణం ఏ పరిమితీ పెట్టలేదు, ఒక్కో ఉత్పత్తిది ఒక్కో పద్ధతి. యాక్టివ్‌ఎంక్యూ క్లాసిక్ మామూలుగా 6 సార్లు మళ్ళీ పంపి డెడ్ లెటర్ క్యూలో (వెళ్ళని సందేశాలను పక్కన పెట్టే క్యూలో) పడేస్తుంది. వెబ్‌లాజిక్‌లో మనం మార్చకపోతే ఆ విలువ -1, అంటే అంతే లేదు. ఐబీఎం ఎంక్యూలో బ్యాకవుట్ థ్రెషోల్డ్ (ఎన్నిసార్లు వెనక్కి వచ్చాక సందేశాన్ని పక్కన పెట్టాలన్న పరిమితి) 0గా వస్తుంది, దాని ఫలితమూ అదే. సందేశంలోని డెలివరీ కౌంట్ ప్రాపర్టీని (అది ఎన్నోసారి వస్తోందన్న లెక్కను) లాగ్‌లో రాయించండి. 2013లో వచ్చిన జేఎంఎస్ 2.0 నుంచి అది తప్పనిసరి, మీ సర్వర్ ఆ రూపాన్ని అమలు చేస్తే మీకు దొరుకుతుంది.

అడిగినవారు

డెలివరీ కౌంట్ పెరుగుతోందండీ, నిజమే. కానీ సందేశంలో లోపం లేదు. రాత్రంతా తిరిగిన సందేశమే తెల్లవారుజామున సాఫీగా వెళ్ళిపోతోంది.

రెండో జవాబు

అయితే సందేశాన్ని వదిలేయండి. ఒకే సందేశానికి మీ లాగ్‌లో 'మొదలైంది', 'పూర్తయింది' అన్న రెండు వరుసల సమయాలు పెట్టండి. ఆ వేళకు డేటాబేస్‌లో ఇంకేదైనా పని నడుస్తోందా?

అడిగినవారు

మొదలు 00:14:07, పూర్తి 00:14:48. పగలు ఇదే పనికి సెకను కూడా పట్టదు. పన్నెండింటికి వడ్డీ లెక్కల బ్యాచ్ మొదలవుతుంది. అదీ పాలసీ టేబుల్‌నే మారుస్తుంది.

రెండో జవాబు

దొరికిందండీ. 41 సెకన్లు. మీ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ గడువు ఎంతో చూడండి, 30 ఉంటుందని నా అనుమానం. చాలా చోట్ల ఆ విలువను ఎవరూ ముట్టుకోరు.

జరుగుతున్నది ఇది. బ్యాచ్ ఆ పాలసీ వరుస మీద లాక్ పట్టుకుని ఉంటుంది. మీ అప్‌డేట్ దాని వెనక ఆగుతుంది. లాక్ కోసం ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటాను నిల్వ చేసే భాగం) మామూలుగా 50 సెకన్లు ఓపిక పడుతుంది. సర్వర్ ట్రాన్సాక్షన్‌కు 30 సెకన్లు నిండగానే 'దీన్ని ఇక రోల్‌బ్యాక్ చేయడమే' అని లోపల గుర్తు పెట్టుకుంటుంది. కానీ మీ థ్రెడ్‌ను ఆపదు, మీకు చెప్పదు. 40వ సెకనుకు బ్యాచ్ లాక్ వదిలితే మీ అప్‌డేట్ చక్కగా నడుస్తుంది, ఎస్‌ఎంఎస్ వెళ్తుంది, 'పూర్తయింది' అని లాగ్ పడుతుంది, మీ మెథడ్ ముగుస్తుంది. కంటెయినర్ (మీ కోడ్‌ను నడిపే సర్వర్ భాగం) కమిట్‌కు, అంటే మార్పులను ఖాయం చేయడానికి, పూనుకునేది ఆ తర్వాత. అప్పుడు రోల్‌బ్యాక్. అది మీ ట్రై, క్యాచ్ దాటిపోయాక జరుగుతోంది, అందుకే మీకు ఏమీ చిక్కలేదు. సందేశం క్షణం ఆగకుండా మళ్ళీ వస్తుంది, అదే లాక్ వెనక మళ్ళీ నిలబడుతుంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. గడువు దాటిందని సర్వర్‌కు తెలుసు. ఏ ట్రాన్సాక్షనో, ఎంతసేపు నడిచిందో కూడా తెలుసు. '30 సెకన్ల గడువు దాటింది కాబట్టి రోల్‌బ్యాక్ చేశాను' అన్న ఒక్క వాక్యం లాగ్‌లో రాసి ఉంటే మీ సమస్య మొదటి రాత్రే తేలిపోయేది. ఆ వాక్యం రాయడానికి పరిశోధన అక్కర్లేదు. తెల్లవారుజామున ఆ లాగ్ చదివే మనిషి మీద కాస్త శ్రద్ధ ఉంటే చాలు.

ఇక చేయవలసింది. లోపలి గడువు ఎప్పుడూ బయటి గడువుకన్నా తక్కువ ఉండాలి. ఈ కనెక్షన్ వరకు లాక్ గడువును 10 సెకన్లకు దించండి, అది సెషన్ స్థాయిలోనే మార్చుకోవచ్చు. అప్పుడు డేటాబేసే ముందు చేతులెత్తేసి 1205 ఎర్రర్ ఇస్తుంది, కారణం మీ కోడ్‌కే తెలుస్తుంది. అయితే జాగ్రత్త. ఆ ఎర్రర్ వస్తే ఇన్నోడీబీ మామూలుగా ఆ ఒక్క స్టేట్‌మెంట్‌నే వెనక్కి తీసుకుంటుంది, మొత్తం ట్రాన్సాక్షన్‌ను కాదు. మీ క్యాచ్ దాన్ని పట్టుకుని లాగ్ రాసి ఊరుకుంటే, కంటెయినర్ అంతా బాగుందనుకుని కమిట్ చేస్తుంది. సందేశం పోతుంది, పాలసీ మారదు. ఇప్పుడున్న దానికన్నా అది ఎన్నో రెట్లు ప్రమాదం. ఆ క్యాచ్‌లో సెట్‌రోల్‌బ్యాక్‌ఓన్లీ (ఈ ట్రాన్సాక్షన్‌ను రద్దే చేయమని కంటెయినర్‌కు చెప్పే మెథడ్) తప్పకుండా పిలవండి. మళ్ళీ పంపే ముందు కనీసం నిమిషం విరామం కూడా పెట్టండి.

ఎస్‌ఎంఎస్‌ను లిజనర్ నుంచి తీసేయండి. బయటికి వెళ్ళిన ఎస్‌ఎంఎస్‌ను ఏ ఎక్స్‌ఏ కూడా వెనక్కి తేలేదు. పంపాలన్న విషయాన్ని అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసిపెట్టండి. కమిట్ అయినవాటినే వేరే జాబ్ చూసి పంపుతుంది.

మూడో జవాబు

నేనూ ఏళ్ల తరబడి ఇలాంటి సర్వర్ల మీదే పనిచేశాను. రెండో జవాబు ఇచ్చిన సార్ చెప్పినదంతా సరైనదే, ఒక మాట కలుపుతాను. ఈ ఉత్పత్తులను కొనేవారు వేరు, వాటితో రాత్రుళ్ళు వేగేవారు వేరు. కొనేవారికి చూపించే పట్టికలో క్లస్టరింగ్ ఉంటుంది, ఎక్స్‌ఏ ఉంటుంది. లాగ్‌లో కారణం తెలుస్తుందా అన్న గడి ఉండదు. గడి లేని పనికి కంపెనీలో మనుషులను ఎవరు కేటాయిస్తారు? ఈజేబీ (ఇలాంటి సర్వర్లలో జావా కోడ్ రాసే ప్రమాణ పద్ధతి) మొదటి రూపాలు అంత బరువుగా ఉన్నా చాలాకాలం చెల్లడానికి ఇదీ ఒక కారణమే. 2004లో దానికి తేలికైన ప్రత్యామ్నాయంగా స్ప్రింగ్ 1.0 వచ్చి డెవలపర్లు అటు మళ్ళాకే, 2006లో ఈజేబీ 3.0 తేలికపడింది.

అడిగినవారు

గడువు 30 సెకన్లేనండీ, చూశాను. ఇద్దరికీ చాలా ధన్యవాదాలు. మా టీమ్‌లో కొందరు ఇదంతా వదిలేసి స్ప్రింగ్‌కు మారిపోదాం అంటున్నారు. మారితే ఈ బాధ పోతుందా? సపోర్టు టికెట్‌ను ఏం చేయమంటారు?

రెండో జవాబు

ఈ ఒక్క బాధ కోసమైతే మారకండి. అక్కడా గడువుల వరుస మీరే పెట్టుకోవాలి, అక్కడా కమిట్ జరిగేది మీ మెథడ్ ముగిశాకే. మారడానికి వేరే మంచి కారణాలు ఉంటే అది వేరే చర్చ.

టికెట్ మూసేయవద్దు. టెస్ట్ సర్వర్‌లో ఒక మైఎస్‌క్యూఎల్ సెషన్ తెరిచి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఒక పాలసీ వరుసను అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా ఉంచండి. అదే పాలసీకి క్యూలో సందేశం వేయండి. 40 సెకన్లు ఆగి కమిట్ చేయండి. సమస్య మీ కళ్ళ ముందే వస్తుంది. లాక్ గడువు మార్చకముందే ఇది చేయండి, లేకపోతే రాదు. ఆ అడుగులను, రెండు లాగ్‌లలోని సమయాలను పక్కపక్కన పెట్టి టికెట్‌లో రాయండి. 'రోల్‌బ్యాక్‌కు కారణం, గడువు విలువ, నడిచిన సమయం లాగ్‌లో రావాలి, ఇది లోపంగా నమోదు చేసి నంబర్ ఇవ్వండి' అని అడగండి. మళ్ళీ లాగ్‌లు పంపమంటే, ఈ అడుగులను వాళ్ళ దగ్గరే నడిపి చూడమనండి.